ట్యాంకర్ వాన

కృష్ణానగర్‌లో ఒకామె ఇంట్లో చేరిన బురదను చీపురుతో తోస్తోంది. స్మార్ట్ సిటీ పరిశోధన చేసే యువకుడు గడప బయట నిలబడ్డాడు.

"అక్కా, పాపతో మళ్లీ ఒక వీడియో తీయాలి."

"పోయిన నెల ట్యాంకర్‌తో వాన కురిపించి తీశారుగా! నీళ్లు పెరగ్గానే స్తంభం మీద మీరు బిగించిన వరద హెచ్చరిక పెట్టె మోగింది, పాపనెత్తుకుని పరిగెత్తాను."

"అది చూసే గవర్నమెంటు నిధులిచ్చింది."

"మరి నిన్న నిజం వానకి మోగలేదేం?"

"ఆ రోజు ఫోన్‌లోంచి మేమే మోగించాం. పెట్టెలో ఇంకా ఏమీ లేదక్కా."

"సినిమావాళ్ల మధ్య బతుకుతూ సెట్టింగని పోల్చుకోలేకపోయాను. మోగుతుందిలే అని పాపను కింద పడుకోబెట్టి, మేడ మీద బట్టలు తేవడానికెళ్లాను. వచ్చేసరికి చాప తేలుతోంది. పాప మురికినీళ్లు మింగింది, జ్వరం ఇంకా తగ్గలేదు."

"ఈసారి పెట్టెలో నిజంగా యంత్రం పెడతాం. వీడియో పంపితేనే మిగతా నిధులొస్తాయి."

"నీకూ ఆడపిల్లుందన్నావుగా తమ్ముడూ. తీసుకొచ్చి ఇక్కడ పడుకోబెట్టు."