చీమలు ఇడిచిపెట్టిన కట్టయ్య

షుగర్ దానంతట అదే తగ్గిందని గోలీలు బంద్ పెట్టినవట, దామోదర్, రోగం పోయిందని ఎవరు జెప్పిండ్రు నీకు? నవ్వకు, కూసో. మా మేనమామ కట్టయ్య గూడ గిట్లనే నవ్విండు. నీకు ఎరుకలేదులే, నువ్వు పుట్టకముందటి ముచ్చట. జఫర్‌గఢ్ మనిషి, సంఘపోడు. నిజాం పోలీసులు ఎంటబడితె చిల్పూర్ దిక్కు గుట్టల్ల దళంతోని దిరిగిండు. సంఘం రాకముందు నుంచే ఉన్నది ఆ రోగం. అప్పట్ల షుగర్ అనెటోళ్లు గాదు, అతిమూత్రం అనెటోళ్లు. ఆయన ఉచ్చ వోసినకాడ చీమలు బారుగట్టేటియి. దళపోళ్లు ఊకుంటరా? 'కట్టన్నా, నిన్ను పట్టెతందుకు పోలీసోళ్లకు కుక్కలెందుకే, చీమలెంట నడిస్తె సాలు' అనెటోళ్లు. మా అత్త లచ్చమ్మ సద్దిమూటతోని గుట్టెక్కినప్పుడల్ల ఒక్కటే పోరు, దవాఖానకు పోదాం పా అని. ఆయనేమో, 'దవాఖాన గడపల పోలీసోడు కూసున్నడే. పోతె జైలు, పోకుంటె చీమలు. చీమలే నయం' అనెటోడు.

గట్ల నడుస్తుంటె, ఏమైందో ఏమో, ఒక ఎండకాలం చీమలు రావుడు బంద్ జేసినయ్. ఎండిపోయిన మనిషికి బుగ్గలొచ్చినయ్. అత్త సంబురం జూడాలె. పోచమ్మకు కోడిని గోసి, 'మా ఆయన ఒళ్లు జేసిండు' అని వాడంత జెప్పుకున్నది. ఒళ్లు జేసుడేంది బిడ్డా, అది నీరు. పాదం మీద ఏలువెట్టి ఒత్తితె గుంట వడి గట్లనే ఉండేది. ఉచ్చల సబ్బునీళ్లోలె నురుగు. గుట్టల్ల నురుగెవడు జూస్తడు? తర్వాత అన్నం సయించలే, ఒళ్లంత దురద, పండుకుంటె దమ్మాడక కూసోనే నిద్రవోయెటోడు. ఇగ అత్త ఇనలే. బండిల గడ్డి కింద పండవెట్టి జనగామ తోలుకపోయింది. ఆ డాక్టరు మంచోడు, పోలీసులకు జెప్పలే. జూసి, 'అమ్మా, మూత్రపిండాలు చెడిపోయినయ్. చీమలు రాకపోవుడు రోగం పోయి గాదు, చక్కెరను బయటికి దోసే సత్తువ పోయి' అన్నడు. అత్తకు ఏం సమజైందో, 'మరి కోడిని గోస్తిని గద సారూ' అన్నది.

తుపాకికి దొరకని మనిషి, బండి ఊరికి మర్లకముందే పాయె.

మూత్రపిండాలు చెడినా రక్తంల షుగర్ దానంతట అదే తగ్గుతదట. దవాఖాన ఇంక తెరిచే ఉంటది. లే. రక్తం ఒక్కటే గాదు, ఉచ్చ గూడ సూడుమని నోరు దెరిచి అడుగు.