పెంచలమ్మ ఫోటో దిగింది

పెంచలమ్మని ఒక పిల్ల ఉండేదంట, గొర్రెలు కాసే మాలకొండయ్య కూతురు. ఆ పిల్ల నవ్విందంటే మూడు చేల అవతలోళ్ళు కూడా ఎందుకో తెలీకుండానే నవ్వేవోళ్ళు, అట్టాంటి నవ్వనుకో. ఒకసారి వాళ్ళ మేనమామ ఊళ్ళో పెళ్ళికి పోయిందా, అక్కడ ఓబులేసని ఒకబ్బాయి వడ్డిస్తా ఉండె. తలొంచుకుని ఆకు మాత్రమే చూస్తా లడ్డేసి పోయాడు. మళ్ళీ వొచ్చి, ఏసింది మర్చిపోయి ఇంకో లడ్డేశాడు. ఈ పిల్లకి ఆ అబ్బాయి నచ్చేశాడు. ఆ అబ్బాయేమో ఈ పిల్ల మొహమే చూళ్ళేదాయె! సరే, మేనమామ పోయి సంబంధం కదిపితే, అబ్బాయి తల్లి ఏమందంటే, అంత దూరం మేం రాలేం గానీ పిల్ల ఫోటో పంపించండి, చూసి చెప్తాం అందంట.

ఇంక చూడు, తండ్రీకూతుళ్ళు కందుకూరు బస్సెక్కారు. అక్కడ గఫూరు సాయిబని ఫోటోలు తీసేవోడు. ఇప్పట్లాగా జేబులో పెట్టుకునే ఫోన్లు కాదబ్బా, మూడుకాళ్ళ మీద ఇంత కొయ్యపెట్టె, దానికో నల్లగుడ్డ. గోడకి రాజుల మేడా హంసలూ ఏసిన తెర. పెంచలమ్మని ఆ తెర ముందు నిలబెట్టి "కదలబాకమ్మాయ్, గెడ్డం పైకి, నవ్వు, కళ్ళు ఆర్పబాక" అంటా సాయిబు గుడ్డలో తల దూర్చాడు. దూర్చాడా, ఈ పిల్ల బిగుసుకుపోయింది. లోపలున్నోడు ఏం చూస్తన్నాడో తెలీదాయె. సంతలో గొర్రెని ఎగాదిగా చూసినట్టు తనని చూస్తన్నారనిపించిందంట. చేతులు యాడ పెట్టుకోవాల్నో తెలీక పిడికిళ్ళు బిగించింది, ఊపిరి బిగబట్టింది. ఫోటో ఎట్టా వొచ్చిందంటే, కొట్లాటకి పొయ్యేదాని మాదిరొచ్చింది. అదే పంపించారు. అబ్బాయి తల్లి చూసి, అమ్మో, ఈ పిల్ల నా కొడుకుని కొట్టేటట్టుందని తిప్పి పంపించింది.

పెంచలమ్మ ఆ పూట కూడు తిన్లేదు. తెల్లారినాక తండ్రితో "నాయనా, ఇంకోసారి పోదాం" అంది. "పోయి? మళ్ళీ అదే మొహం గదమ్మా" అన్నాడాయన. "అది నా మొహం కాదు నాయనా" అందంట ఆ పిల్ల. ఆ మాటకి మాలకొండయ్య కండవా ఏసుకుని లేచాడు.

మళ్ళీ అదే తెర, అదే పెట్టె. సాయిబు కదలబాకన్నాడో లేదో ఈ పిల్ల మళ్ళీ బిగుసుకుంది. సాయిబు విసుక్కుని బయటికొచ్చి, నేనేం సూది పొడస్తన్నానా అమ్మాయ్ అంటే, పెంచలమ్మ ఏమందంటే, "ఆ గుడ్డలోంచి నీకేం కనపడద్ది మామా? నేనొకసారి చూడాల" అంది. ఇన్నేళ్ళల్లో సాయిబుని అట్టా అడిగినోళ్ళే లేరు. సరే చూసుకోమని తను పోయి హంసల ముందు నిలబడ్డాడు. పెంచలమ్మ గుడ్డలో దూరింది. లోపలేముంది? పెట్టెకి ఎనకుండే అద్దం మీద సాయిబు తలకిందులుగా యాలాడతన్నాడు! గెడ్డం పైనా టోపీ కిందా, మేడ తిరగబడి, హంసలు ఎల్లకిల! ఇంకోటేమైందంటే, ఊరందర్నీ నవ్వమనే సాయిబు, పెట్టె తన దిక్కు చూసేసరికి కర్ర మింగినోడి మాదిరైపోయాడు. "మామా, నవ్వు!" అని లోపల్నించి అరిచిందంట. "నవ్వతానే ఉండా గదా!" అన్నాడు పళ్ళు బిగబట్టి.

ఇంకెక్కడాగద్ది! ఆ పిల్ల గుడ్డ తోసేసి నేల మీద కూలబడి నవ్వింది. మాలకొండయ్యకి ఏం తెలీకపోయినా నవ్వాడు. సాయిబూ నవ్వాడు. పెంచలమ్మ కళ్ళు తుడుచుకుంటా పోయి తెర ముందు నిలబడి, "ఇప్పుడు నేనూ నీకు తలకిందులే గదా మామా?" అంది. "అంతే బిడ్డా." "అయితే తీసుకో" అంది. నడుం మీద చెయ్యేసుకుని, నవ్వు ఇంకా ఆగకుండానే, గట్టు మీద నిలబడి గొర్రెల్ని పిలిచేటప్పుడు ఎట్టుంటదో అట్టా నిలబడింది. సాయిబు కదలబాకనీ అనలా, నవ్వమనీ అనలా. తీసేశాడు.

ఆ ఫోటో అబ్బాయి వాళ్ళింటికి పోయింది. అబ్బాయి తల్లి "అప్పుడేమో ఆ మొహం, ఇప్పుడేమో ఈ ఇకిలింపు, ఇదేం పిల్లరా" అంటానే ఉంది, ఓబులేసు ఆమె చేతిలోంచి ఫోటో తీసుకుని, వెలుతుర్లో చూస్తానని వాకిట్లోకి పోయాడు. పోయినోడు రాడే! కూడు చల్లారిపోయింది. పిలిస్తే పలకడే! ఆమె బయటికొచ్చి చూస్తే, వీడు పందిరి గుంజకి ఆనుకోని, ఫోటో చూసుకుంటా ఒక్కడే నవ్వతన్నాడు. ఏందిరా అంటే, "ఈ పిల్ల దేనికి నవ్విందో అడిగొస్తానమ్మా" అన్నాడంట. "ఎప్పుడు?" "ఇప్పుడే" అని సైకిలెక్కాడు. ఇంకేం చెప్పాల, ఆ యాడాదే పెళ్ళైపోయింది.

అదబ్బా సంగతి. ఫోటోలో బాగా పడాలంటే పౌడరు కొట్టుకోవాలంటారు, పక్కకి తిరగాలంటారు. అయ్యేం అక్కర్లా, తీసేవోడు కూడా మనబోటి మనిషేనని మనసుకి తెలిస్తే చాలు. చెప్పడానికి నాకు బాగానే ఉండాది గానీ, నా ఆధారు కార్డు మాత్రం చూపించమనబాకండి. పిల్లోళ్ళు జడుసుకుంటారని మా ఆవిడ దాన్ని బియ్యం డబ్బాలో అడుక్కి పెట్టింది.