మధ్యలో నిలబడిన మా నాయన

“అవ్వా, నాకు ఉద్యోగమొచ్చిన ఎక్స్చేంజీలో పంట చేతికి రాకముందే ధర ఖాయం చేస్తారు. అమ్మేవాళ్లకీ కొనేవాళ్లకీ మధ్యలో మేముంటాం. అర్థమైందా?”

ఎందుక్కాదు అమ్మణ్ణీ. ఒకరి మొహం ఒకరు చూడనే చూడరా? మరి ఒకడు మాట తప్పితే? ...ఓహో, రెండోవాడికి మీరు నిలబడతారా. ఆ పని మా నాయన చేసినాడు తల్లీ, ఇందుకూరుపేట పక్కన మా ఊళ్లో. కంప్యూటరా ఏమన్నానా, భుజాన తువాలు, కాళ్లకి దుమ్ము.

మొలగొలుకుల వరి కంకి పాలు పోసుకునేటప్పుడే నెల్లూరు నుంచి షావుకారు వచ్చేవాడు. నాయన ఒక చేత్తో ఆయన చెయ్యి, ఇంకో చేత్తో రైతు చెయ్యి పట్టుకుని, “పుట్టి ధాన్యం ఇంతకి. కోతలప్పుడు పెరిగినా ఇదే, తగ్గినా ఇదే. సరేనా?” అనేవాడు. అమ్మ అందరికీ మజ్జిగ ఇచ్చేది... కాదు కాదు, షావుకారుకి కాఫీ. అప్పట్లో కాఫీపొడి దొరకడమే గొప్ప గదా. దానికి నాయన కోప్పడినాడు కూడా. “ఇస్తే అందరికీ కాఫీ, లేకుంటే అందరికీ మజ్జిగ. నేను మధ్యలో ఉండేవాణ్ణి” అని.

ఒక ఏడు కోతలప్పుడు ధర పడిపోయింది. షావుకారు రాలా. కబురంపితే, “మాటే గదా, కాయితం యాడుంది?” అన్నాడంట. పొద్దన్నే లేచి చూస్తే వీధంతా ధాన్యం బండ్లు. మా చిన్నాయన గొణిగినాడు, “మాట తప్పింది వాడు. నీకేం పట్టిందన్నా?”

“వీళ్లు వాణ్ణి చూసి ఒప్పుకోలేదురా, నన్ను చూసి ఒప్పుకున్నారు. దించండి మూటలు” అన్నాడు నాయన.

దించినారు. వసారా, నడవ, ఆఖరికి పూజగదిలో కూడా మూటలే. అమ్మ నరసింహస్వామి పటాన్ని మూటల మీద పెట్టి, కింద నిలబడి దండం పెట్టుకునేది. “ధర కొండెక్కలేదు గానీ మన స్వామి ఎక్కినాడు” అని నాయన నవ్వినాడు. అమ్మ నవ్వలా. పడిపోయిన ధరకి ఆ ధాన్యమంతా అమ్మినా చాలదనీ, కాలవ కింద మా రెండెకరాల వరి కయ్య అమ్మితే గానీ రైతులకి డబ్బులు ఇవ్వలేమనీ ఆమెకి తెలుసు. దాంట్లో పండిందే మేం తినేది, చూడు.

అమ్మేసినాడు. ఒప్పుకున్న ధర ఒప్పుకున్నట్టే ఇచ్చినాడు అందరికీ.

ఆ కయ్య ఇప్పుడు రొయ్యల గుంట. బస్సులో పోతా చూస్తుంటా. అది మళ్లీ కావాలని కాదమ్మా. ఆ గట్టు మీద మా నాయన్ని ఒక్కసారి చూడాలనిపిస్తుంది, అంతే. అమ్మినాక కూడా పొద్దన్నే ఆడికే పొయ్యేవాడు. ఒకరోజు నేనూ వెనకనే పొయ్యినా. అప్పటికది పరాయివాళ్ల పైరు గదా? వంగి, ఒక కలుపు మొక్క పీకి గట్టున పెట్టినాడు. తిరిగి చూస్తే నేను. ఎంత సిగ్గుపడినాడో తల్లీ, అంత మనిషి. “అలవాటు పాపా... మీ అమ్మకి చెప్పొద్దు” అన్నాడు.

చెప్పలా. అమ్మ పొయ్యేదాకా చెప్పలా. ఇదో, ఇప్పుడు నీకే...

సరేలే, చల్లగా ఉండు అమ్మణ్ణీ. నిన్ను నమ్మినోళ్లకి నువ్వుండు. నీకు ఆ స్వామి ఉంటాడు.