ఫస్టొచ్చిన తలకాయ

అమెరికాలోని మోరిస్‌విల్‌లో, రగ్బీ క్లబ్బు డాక్టరు ఆఫీసు బయట ఆగివున్న కారు. స్టీరింగ్ ముందు ఫణికుమార్. పక్క సీట్లో అతని బావమరిది భీమశంకర్, కళ్ళు సగం మూసుకుని.

“మళ్ళీ చెప్పు. ఐదు మాటలు.”

“బటన్, రివర్, టవల్... ఆగు బావా, చెప్తా... హార్స్...”

“ఐదోది?”

“ఎండ కంట్లోకి కొడుతోంది. కారు నీడలో పెట్టు.”

“నీడలోనే పెట్టాన్రా. ఐదోది?”

“పెన్సిల్. పెన్సిలే కదూ?”

“డాక్టరు ముందు ‘కదూ’లు కుదరవు. గట్టిగా చెప్పు.”

“సీజన్ మొదట్లో పెట్టిన పరీక్షలో నాకెంతొచ్చింది?”

“ముప్పైకి ముప్పై! టీమ్ మొత్తానికి నువ్వే ఫస్టు.”

“పుట్టాక ఒక్కసారి ఫస్టొచ్చా. అదే కొంప ముంచింది. మిగతావాళ్ళంతా ఆ రోజు కావాలని తప్పులు చెప్పారంట బావా. తలకి దెబ్బ తగిలాక ఆ మొదటి మార్కులే మళ్ళీ వస్తే చాలు, ఆడనిస్తారు. అందుకని తక్కువ తెచ్చుకుని కూచున్నారు. పది తప్పినోణ్ణి నన్ను పట్టుకుని నువ్వేమో వారం రోజులు కోచింగిచ్చి, కార్డులు రాసి బట్టీ పట్టించి...”

“పరీక్షంటే చదవరా మరి? తప్పులు చెప్పడానికి పోతారని నాకేం తెలుసు! లైసెన్సు కోసం కంటి పరీక్షకి కూడా అక్షరాలు బట్టీ పట్టి వెళ్ళినవాణ్ణి నేను.”

“ఇప్పుడు నాకు దెబ్బ తగిలాక ముప్పైకి ఇరవై అయిదొచ్చినా ఫెయిలే. రెండుసార్లు ఫెయిలయ్యా.”

“మూడుసార్లు.”

“మూడా?”

“సర్లే, వదిలెయ్. ఇవాళ పాసైతే డాక్టరు సంతకం పెడతాడు, ఆదివారం మ్యాచ్ ఆడతావు. పాసవ్వలేదా, శుక్రవారం కాంట్రాక్టు తీసేస్తారు. కాంట్రాక్టుతో పాటే వీసా.”

“పోతే పోయింది, ఇంటికెళ్ళిపోరా అంటోంది అక్క.”

“మీ అక్కకేం, అంటుంది. వెళ్ళి ఏం చేస్తావు?”

“ఏం చేస్తాను! మావైపు కబడ్డీ వదిలి రగ్బీకి దూకిన మొదటివాణ్ణి నేనే. కబడ్డీ సంఘంవాళ్ళు నా పేరు కొట్టేశారు. పిల్లలకి కూత నేర్పుతానన్నా గ్రౌండులో అడుగు పెట్టనివ్వరు. రైల్వే ఉద్యోగం చూస్తే, నేనే కాగితం రాసిచ్చి మరీ వదిలేశా.”

“మరి అన్నీ తెలిసీ ఇంటి మాటెత్తుతావేం?”

“కూతకెళ్ళినోణ్ణి నలుగురు మీదపడి నొక్కేసినా, చెయ్యి చాచి గీత ముట్టుకుంటే బతికినట్టే. ఇక్కడ ఆ గీతెక్కడుందో కనబడట్లేదు బావా.”

“అవన్నీ తర్వాత. నెలలు వెనక్కి చెప్పు.”

“డాక్టరుకి నిజం చెప్పేస్తే? తలనొప్పి తగ్గలేదు, అన్నం సయించట్లేదు అని...”

“చెప్తే శుక్రవారంలోగా తగ్గుద్దా?”

“తగ్గదు.”

“మరింకెందుకు చెప్పడం?”

“మళ్ళీ అక్కడే తగిలితే?”

“తగలనివ్వకు.”

“రగ్బీలోనా! నువ్వొచ్చి ఆడు, చూద్దాం.”

“...నెలలు చెప్పరా.”

“డిసెంబర్, నవంబర్, అక్టోబర్, సెప్టెంబర్, ఆగస్ట్, జులై, జూన్, మే, ఏప్రిల్, మార్చ్, ఫిబ్రవరి, జనవరి.”

“శభాష్! గుక్క తిప్పుకోకుండా చెప్పావు. ఇప్పుడా ఐదు మాటలు?”

“బటన్, రివర్, టవల్, హార్స్, పెన్సిల్.”

“అదీ! ఎక్కడన్నా తడబడ్డావా? లేదు. నా మాట విను, ఇవాళ ముప్పైకి ముప్పై. మీ అక్కకి ఫోన్ చేసి చెప్పేస్తా, బావమరిది పాసైపోయాడని.”

“బావా.”

“ఏంట్రా? దిగు, టైమవుతోంది.”

“కోప్పడకు. మనం లోపలికి ఇప్పుడు వెళ్ళాలా, వెళ్ళొచ్చేశామా?”