పైన పొట్టి, కింద పొడుగు

టెక్కలి బ్యూటీ పార్లర్లో పని నేర్చుకుంటున్న కూతురు ఇంటి అరుగు మీద కత్తెర పట్టుకుని నిలబడింది. ఆమె ముందు కూర్చున్న తల్లి తన ముడి తానే విప్పుకుంది.

"లేయర్ కటింగంటే పైన పొట్టిగా, కిందకెల్లేకొద్దీ పొడుగ్గా, మెట్లుమెట్లుగా కొయ్యాలమ్మా."

"అలాగే కొయ్యవే. బజార్లో సేపలమ్మినప్పుడు సూస్తాను, బండి మీదెల్లే ఆడోళ్ల జుత్తు గాలికి ఎంత బాగా ఎగురుతాదో! నాకూ ఒక్కసారి అలా ఎగిరితే బాగున్ను."

"ఒలమ్మా! నడినెత్తి మీద ఇంత పొట్టిగా ఉన్నాదేటి? ఎవులు కోసారు?"

"ఎవులు కోస్తారే? రోజూ సేపల గంప అక్కడే కదా పెడతాను. రాసుకుని రాసుకుని తెగిపోనాది."

"మరి కిందది కూడా కోసేస్తే ముడి నిలవదమ్మా."

"నిలవకపోతే ఏటవుతాది?"

"గంపెత్తుకున్నప్పుడు జుత్తంతా కళ్లల్లో పడతాది. రెండు సేతులూ గంప మీదుంటే ఎలా తీసుకుంటావు?"

తల్లి నడినెత్తి మీది పొట్టి జుత్తును చేత్తో తడుముకుంది.

"కొయ్యనులే. ముడేసెయ్యనా అమ్మా?"

"అప్పుడే వద్దే. గాలొస్తన్నాది. కత్తెర ఊరికే ఆడించు, ఆ సప్పుడు ఇంటాను."