కర్నల్ మీసంలో పచ్చల వాసన

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు," అన్నాడంటే ఆంబ్రోస్ ఇక ఆ సాయంత్రానికి ఆగడని పబ్బులో అందరికీ తెలుసు. లేచి పోదామంటే పబ్బూ అతనిదే, బీరూ అతనిదే.

"హాజెల్‌బీ దొరగారి బంగళాలో వడ్డన చేసేవాణ్ణి అప్పుడు. దొరసాని పచ్చల హారం పోయింది. నింద ఎవరిమీద పడింది? పనిపిల్ల విన్నీ మీద. అదిగో, గ్లాసులు తుడుస్తోందే, ఆవిడే. అప్పటికింకా నా పెళ్లాం కాదులే. 'మంచిపిల్ల' అని దొరసాని కాగితం రాసివ్వకుండా గెంటేస్తే ఇక ఏ గడపా ఎక్కనివ్వరు. తల్లీతండ్రీ లేని పిల్ల, బీదల సత్రమే గతి. ఇంతలో పెద్ద డిటెక్టివని పేరుమోసిన జెర్వేస్ దొర లండన్ నుంచి దిగాడు. డ్యూకుగారి రెండో కొడుకు, ఒంటికంటి అద్దం. నన్ను చూసి ఏమన్నాడో తెలుసా? 'నువ్వుండగా నేనెందుకయ్యా ఆంబ్రోస్!' అన్నాడు."

"అనే ఉంటాడు," అన్నాడు కమ్మరి టూలీ, గోడతో చెప్పినట్టు.

"నేను చేసిందల్లా ఒక్కసారి గాలి పీల్చడం. విందుకొచ్చిన కర్నల్ మీసంలోంచి పచ్చల వాసన!"

"పచ్చలకి వాసనేంటి బాబూ?"

"పొగచూరిన నీ ముక్కుకి రాదులే. ఆ కర్నల్ కిటికీలోంచి దూకాడు. నేను ఊరుకుంటానా? వెండిపళ్లెం మంచుమీద పడేసి, దానిమీద కూర్చుని జారాను. కొండ దిగాను, చెరువు దాటాను, ఒళ్లో పెట్టుకున్న కోడివేపుడు కదిల్తే ఒట్టు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాడు లండన్ రైలెక్కేశాడు. నేను పట్టాలమీద నిలబడి అరచెయ్యి చూపించాను. ఆగింది."

"రైలే?"

"సిగ్గుపడి ఆగింది. వాడు ఇంజను పొగగొట్టంలో దూరాడు. కింద నుంచి ఉఫ్‌మని ఊదాను. వాడెళ్లి ఫ్రాన్సులో పడ్డాడు, హారం తిన్నగా వచ్చి నా మెళ్లో పడింది."

"చాలించవయ్యా, ఇంకాసేపుంటే చంద్రుణ్ణి కూడా అరెస్టు చేసేట్టున్నావు," అంది విన్నీ, గ్లాసు ఠక్కున పెట్టి. "కర్నలూ లేడు, మంచూ లేదు. హారాన్ని దొరసానిగారి బొచ్చుకుక్క తన పరుపు కింద దాచుకుంది. జెర్వేస్ దొర ఆ పరుపుమీద కూర్చుంటే గుచ్చుకుని దొరికింది, అదీ మేం వెళ్లిపోయిన మర్నాడు. ముందురోజు నా పెట్టె వానలో బయట పడేశారు. ఈయన సూప్ వడ్డిస్తున్నాడు. ఇల్లంటుకున్నా సరే, వడ్డించేవాడు దొరల బల్లదగ్గర నోరెత్తకూడదు. నేను తలుపు సందులోంచి చూస్తున్నాను. ఈయన గరిటె కింద పెట్టేశాడు. 'ఆ పిల్ల దొంగ కాదు దొరసానీ, ఆమెని పంపితే నేనూ పోతాను' అన్నాడు. చెంచాలన్నీ ఆగిపోయాయి. పనివాళ్లకిచ్చే ఆ ఇంటి కోటు అక్కడికక్కడే విప్పించేశారు. చొక్కాతోనే నా పెట్టె భుజాన పెట్టుకుని, వానలో స్టేషను దాకా నడిచాడు. హారం దొరికాక మళ్లీ పనిలోకి రమ్మని కబురొచ్చింది. మేం పోలేదు."



"ఓరి నీ! ఇంత సంగతి పెట్టుకుని ఆ కోతలెందుకయ్యా?" అన్నాడు టూలీ.

ఆంబ్రోస్ చెవులు ఎర్రబడ్డాయి. శుభ్రంగా ఉన్న బల్లనే మళ్లీ తుడిచాడు.

"విందులో వడ్డించేవాడు నోరెత్తాడంటే ఎవడు నమ్ముతాడోయ్? రైలే నయం."