ఒక్కసారి కూడా ఆగని మిషను

ఆదివారం పొద్దున్న, భోజనాల బల్ల దగ్గర తండ్రీ కూతురూ. ఆయన చెవి మిషను ఆమె లాప్‌టాప్‌కి వైరుతో తగిలించి ఉంది. అది చెవిన లేకపోతే ఆయనకి ఎదుటివాళ్ళ పెదవులే దిక్కు, అందుకని కళ్ళార్పకుండా ఆమె మొహమే చూస్తున్నాడు. ఆమె మాత్రం రేపటి మీటింగులో గెలిచేసినట్టే కూర్చుంది.

"అది మళ్ళీ నాకిచ్చేస్తావా అమ్మా?"

"ఇస్తాను నాన్నా, ఎక్కడికీ పారిపోదు. కాఫీ తాగు, చల్లారిపోతోంది."

"ఆఫీసుకి పట్టుకెళ్ళాల్సిందేనా?"

"పట్టుకెళ్ళాల్సిందే. రేపు అందరి ముందూ బల్లమీద పెడతాను. మేం జనానికిచ్చిన మిషన్లన్నీ ఎప్పుడో ఒకప్పుడు మూగబోయాయి. నీదొక్కటే ఆగలేదు. ఆఫీసులో దీనికి పేరు కూడా పెట్టారు తెలుసా? పెద్దాయన మిషను అంటారు."

"నా గొడవ అక్కడెందుకమ్మా..."

"ఎందుకేంటి? నన్ను ఒడ్డున పడేసేది అదే."

"మూగబోవడమంటే? చెడిపోవడమా?"

"చెడిపోదు, పడుకుంటుంది. చప్పుడు లేనప్పుడు బ్యాటరీ అయిపోకుండా లోపలి చిప్పు కునుకు తీస్తుంది. మాట వినపడగానే లేవాలి. కొన్నిసార్లు లేవట్లేదు. ఎదురుగా నిలబడి అరిచినా సరే, స్విచ్ ఆపి మళ్ళీ వేస్తే గానీ లేవదు. ఒకావిడ రోడ్డు దాటుతూ... సరేలే, ఆవిడకేం కాలేదు."

"ఏమైంది?"

"ఏం కాలేదన్నాగా. లారీ హారను వినపడలేదు. పక్కన ఎవరో చెయ్యి పట్టుకుని లాగారు."

"అమ్మో. లేపే పని ఎవరిది మరి?"

"లోపల కెర్నెల్ అని ఒకటుంటుంది నాన్నా. ఇంటికి పెద్దదిక్కులాగ. ఎవరు లేవాలి, ఎవరు పడుకోవాలి, ఎవరి వంతు ఎప్పుడు, అన్నీ అదే చెప్తుంది."

"అది రాసింది నువ్వేగా?"

"అందులో పడుకోబెట్టే ముక్క నాది. అందుకే అందరి కళ్ళూ నామీద పడ్డాయి. కానీ నా ముక్కలో తప్పుంటే నీది కూడా ఆగాలి కదా? నీ దాంట్లో ఉన్నదీ అదే, అక్షరం తేడా లేదు. తేడా అల్లా చిప్పులోనే. నీది పాత సరుకు, మిగతావి కొత్త సరుకు. అంటే తప్పెవరిది?"

"ఎవరిది?"

"చిప్పులు కొనే ఆయనది. చవగ్గా వస్తున్నాయని నాసిరకం సరుకు తెచ్చి మా నెత్తిన రుద్దాడు."

"ఎవరు, ఆ బట్టతలాయనా? మనింటికొచ్చినప్పుడు నా పక్కనే కూర్చున్నాడే. నా మొహంలోకి చూసి నిదానంగా మాట్లాడాడు. నాకు తెలియాలని. మంచి మనిషమ్మా."

"మనిషి మంచివాడైతే చిప్పులు మంచివైపోతాయా? మొన్న మీటింగులో ఏమన్నాడో విను. 'మేడమ్, మీ పడుకోబెట్టే ముక్క ఒకసారి ఇంకెవరి చేతనైనా చూపించండి' అన్నాడు. అందరి ముందూ! నాకు ఒళ్ళు మండిపోయింది. 'మా నాన్న రోజూ పెట్టుకుని తిరుగుతున్నారు, ఒక్కసారి కూడా ఆగలేదు. మీరు సరుకు కొనేటప్పుడు కళ్ళు తెరుచుకుని కొనండి' అన్నాను. గొల్లున నవ్వారు అందరూ."

"ఆయనో?"

"ఆయనేం చేస్తాడు, తల దించుకున్నాడు. రేపు ఈ మిషను చూపించాక ఎటూ పంపించేస్తారు."

"పంపించేయడమంటే... ఉద్యోగంలోంచా?"

"మరి?"

"రేపటి మీటింగు ఆపడానికి లేదా?"

"ఎందుకాపాలి? ఏంటి నాన్నా, నీళ్ళు నములుతున్నావు?"

"ఏం లేదు. కాఫీలో పంచదార ఎక్కువైంది."

"పంచదార నేను వేయనే లేదు."

"అవునా? సరే అయితే."

"ఉండు, వచ్చింది. ఎన్నిసార్లు ఆగింది, ఎంతసేపు నడిచింది, అన్నీ లోపల గుర్తుంటాయి. ఆగింది... సున్నా. చూశావా, సున్నా! నడిచింది..."

"అమ్మా, నేనొక మాట చెప్పనా?"

"ఉండు నాన్నా. ఇదేంటి?"

"అమ్మా..."

"తప్పు చూపిస్తోంది ఇది. మళ్ళీ చదివిస్తాను. రా, రా... మళ్ళీ అదే. ఒక్క పూటేంటి?"

"అటు తిరిగి మాట్లాడితే నాకు తెలీదమ్మా."

"ఒక్క పూట నడిచిందంటోంది నాన్నా! మొత్తం కలిపి ఒక్క పూట! నీకిచ్చిన రోజు సాయంత్రం వేశాం. ఆ రోజే భోజనాలకి ముందు ఆపేసి ఉంది. ఇక మళ్ళీ వేయలేదు. నెలల తరబడి చెవిన పెట్టుకుని తిరిగావు కదా?"

"పెట్టుకున్నాను."

"ఆపేసి పెట్టుకున్నావా?"

"దురద పుట్టేది."

"ఆపేస్తే దురద పోతుందా?"

"బ్యాటరీలు దండగ ఎందుకని..."

"బ్యాటరీలు నేను తెచ్చిస్తూనే ఉన్నాను! అవన్నీ ఏం చేశావు?"

"అలమారలో ఉన్నాయి. ఒక్కటీ పారేయలేదు."

"రోజూ అడిగేదాన్ని. ఇంటికి రాగానే, చెప్పులు కూడా విప్పకుండా, ఎలా ఉంది నాన్నా అని అడిగేదాన్ని. ఏమనేవాడివి?"

"బ్రహ్మాండంగా పనిచేస్తోందని."

"వినపడకుండానే!"

"నీ పెదవులు చూస్తే తెలిసేదిగా, ఏం అడుగుతున్నావో. మిల్లులో మగ్గాలు ఆడుతుంటే ఎవడి మాట ఎవడికి వినపడుతుందమ్మా? అందరం పెదవులు చూసే మాట్లాడుకునేవాళ్ళం. సూపర్‌వైజరు వెనకే నిలబడి, ఆ చివరివాడూ ఈ చివరివాడూ కలిసి ఆయన్ని తిట్టుకునేవాళ్ళం. నాకది చెవికన్నా ఎక్కువ అలవాటు."

"అందుకా వెనకనుంచి పిలిస్తే పలికేవాడివి కాదు? నేను పరధ్యానం అనుకున్నాను. వయసు మీదపడిందిలే అని సరిపెట్టుకున్నాను. ఇంజనీర్నట నేను! ఇంట్లో మనిషికి వినపడుతోందో లేదో తెలుసుకోలేదు."

"నీకు తెలియకూడదనేగా నేను చూసుకున్నది."

"ఏం చేశావో తెలుసా నాన్నా? నడవని మిషను ఆగుతుందా? సున్నా కాకపోతే ఇంకేం వస్తుంది? ఆ సున్నా పట్టుకుని నేను ఒక మనిషిని... అందరి ముందూ..."

"తెలుసు. పొద్దుట్నించీ అదే చెబుదామని చూస్తున్నాను. నోరు రాలేదు. ఎవరి ఉద్యోగమో పోతుందని నేననుకోలేదమ్మా. నువ్వు సంతోషపడతావు కదా, ఒక్క మాటే కదా అనుకున్నాను. ఎంత పని అయిపోయింది. ఏం చేస్తున్నావు?"

"నా ముక్క తెరుస్తున్నాను. ఇన్నాళ్ళూ తెరిచి చూడలేదు. నాన్నది ఆగట్లేదుగా, చూడాల్సిన పనేముంది అనుకున్నాను. కొవ్వు."

"అంత మాటెందుకు?"

"ఉండు, చదవనీ."

"అమ్మా?"

"ఛీ!"

"ఏమైంది? ఇటు తిరుగు."

"రెండు లైన్లు నాన్నా. రెండంటే రెండు. పడుకోబోయే ముందు ఎవరైనా పిలిచారా అని చూస్తుంది. ఎవరూ పిలవలేదంటే పడుకుంటుంది. ఆ చూడటానికీ పడుకోవడానికీ మధ్యన ఉన్న సందులో ఎవరైనా పిలిస్తే?"

"ఆ పిలుపు పోతుంది."

"పిలిచారని ఓ మూల గుర్తు పెట్టుకుంటుంది. కానీ చూసే పని అయిపోయిందిగా, ఆ గుర్తు చూడకుండానే దుప్పటి కప్పేస్తుంది. మొదటి పిలుపుకి పలికితే గానీ రెండో పిలుపుని లోపలికి రానివ్వదు. ఇక లేచేదెప్పుడు?"

"మరెలా రాయాలి?"

"ముందు గడియ పెట్టి, తర్వాత చూడాలి. అప్పుడు ఆ సందులో వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడతారు. గుమ్మంలో మనిషి ఉన్నంతసేపూ దానికి నిద్ర పట్టదు. పై లైను కిందికి, కింది లైను పైకి. అంతే. కొత్తగా చేరిన పిల్లలకి మొదట్లోనే నేర్పే సంగతి ఇది. కూర్చోబెట్టి నేర్పింది కూడా నేనే! సిగ్గుతో చచ్చిపోతున్నాను నాన్నా."

"అయితే బట్టతలాయన అన్నది నిజమేనన్నమాట."

"నిజమే. చిప్పులకి ఏ రోగమూ లేదు. ఇంకెవరి చేతనైనా చూపించమన్నాడు, అంతేగా అడిగాడు? ఎంత మర్యాదగా అడిగాడో ఇప్పుడు గుర్తొస్తోంది. నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"రేపు నేనొస్తాను నీతో. అబద్ధం చెప్పింది నేనని అందరికీ చెప్తాను. మా అమ్మాయి తప్పేం లేదని చెప్తాను."

"ఆ రెండు లైన్లు నువ్వు రాశావా? ఆయన్ని నవ్వులపాలు చేసింది నువ్వా? నువ్వొచ్చి చెప్తే నాది నీదైపోతుందా?"

"కొంతైనా తగ్గుతుందేమోనని..."

"తగ్గదు. ఇవాళే ఆయనింటికి వెళ్తాను. ఫోనులో చెప్పే మాట కాదిది. లోపలికి రానిస్తే సరే, రానివ్వకపోతే గుమ్మంలోనే చెప్తాను. రేపు మళ్ళీ అందరి ముందూ చెప్తాను. కానీ నాన్నా, వాళ్ళు అడుగుతారు. మీ నాన్న ఎందుకు ఆపేశారని అడుగుతారు. ఏం చెప్పను?"

"దురదని చెప్పు."

"నిజం చెప్పు."

"ముసలాడికి చాదస్తమని చెప్పు. నమ్ముతారు."

"నాన్నా! ఆ రోజు నేను నీ పక్కనే ఉన్నాను. కుళాయి చుక్క పడుతుంటే అదేం చప్పుడని అడిగావు. చెంచాతో గ్లాసుని కొట్టి కొట్టి నవ్వావు. అమ్మ పోయాక నువ్వు నవ్వడం అదే మొదటిసారి చూశాను. ఇల్లంతా తిరిగి తలుపులు వేసీ తీసీ చూశావు. అంత ముచ్చటపడినవాడివి, భోజనాల వేళకల్లా ఎందుకు ఆపేశావు?"

"ఆ గ్లాసు చప్పుడు ఇప్పటికీ గుర్తుందమ్మా."

"మాట మార్చకు. దురదా కాదు, బ్యాటరీలూ కాదు. ఎవరైనా ఏమైనా అన్నారా? నీ అల్లుడుగారేమైనా అన్నారా?"

"అల్లుణ్ణి ఏమీ అనకు. పాపం, అతను అలా అనకూడదని మందలించాడు కూడా."

"ఎవర్ని?"

"కాఫీ ఇంకొంచెం ఉందా?"

"ఎవర్ని మందలించారు నాన్నా?"

"చల్లగా ఉన్నా పరవాలేదు."

"ఆ సాయంత్రం మేమిద్దరం వంటింట్లో ఉన్నాం. కుక్కరు మోత నీకు కొత్తగా ఇబ్బందిగా ఉంటుందని తలుపు నేనే వేశాను. నువ్వు ఇక్కడ, ఇదే కుర్చీలో..."

"వదిలెయ్యమ్మా. ఒళ్ళు అలిసిపోయి ఉంటుంది, ఆఫీసులో వంద తలనొప్పులు ఉంటాయి. నోరు జారనివాళ్ళెవరు?"

"నేనేమన్నాను?"

"గుర్తులేదుగా. మంచిదే. బట్టతలాయన ఇంటికి వెళ్ళి రా ముందు."

"గుర్తులేదని కాదు. గుర్తు రాకూడదని చూస్తున్నాను. నాన్నా, నేనేమన్నాను? నీ నోటితో చెప్పు."

"'అమ్మ బదులు నాన్న పోయినా బాగుండేది' అన్నావు. అందులో తప్పేముందమ్మా, నేనూ రోజూ అనుకునేదే అది. తలుపు వేసుంది, మీ మొహాలు కనపడట్లేదు, కుక్కరు కూస్తోంది. అయినా ఒక్క అక్షరం పోలేదు. రేపు మీవాళ్ళు అడిగితే ఆ మాట చెప్పు. మా నాన్నకి బ్రహ్మాండంగా పనిచేసిందని చెప్పు."